మల్లన పద్యంలో ఇరవై అంకెలు

నన్నయ పేరు వినని తెలుగు బడి ఉండదు. నన్నయ తర్వాత కొద్ది కాలానికే, అదే వేంగి చాళుక్యుల ఏలుబడిలో, తెలుగులో లెక్కల పుస్తకం రాసిన పావులూరి మల్లన పేరు మాత్రం తరగతి గదుల్లో అంతగా వినిపించదు. తెలుగు చెప్పేవాళ్లు ఆయన్ని లెక్కల మనిషి అనుకుని వదిలేస్తారు. లెక్కలు చెప్పేవాళ్లు కవి అనుకుని వదిలేస్తారు. ఇద్దరి మధ్యా ఆయన జారిపోయాడు. మనకు దొరికిన తెలుగు శాస్త్రగ్రంథాల్లో మొదటిది ఆయనదే.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగు మాధ్యమంలో పాఠాలు చెప్పే మమ్మల్ని తల్లిదండ్రులు తరచూ ఒక మాట అడుగుతుంటారు. ఇంట్లో మాట్లాడుకోవడానికి, పద్యాలకు, కథలకు తెలుగు సరే, లెక్కలకు తెలుగు ఆగుతుందా అని. ఆ ప్రశ్నలో తప్పు లేదు. పిల్లవాడు రేపు పాలిటెక్నిక్‌కో, ఇంజనీరింగుకో, సిప్‌కాట్‌లో ఏదో కంపెనీకో వెళ్లాలి కదా అన్న బెంగ అందులో ఉంది. ఆ బెంగకు ఉపన్యాసంతో జవాబు చెప్పేకన్నా ఒక మనిషి జీవితంతో, ఒక సంఖ్యతో చెప్పడం మేలు. ఆ మనిషి మల్లన. ఆ సంఖ్య 18446744073709551615.

పావులూరి ఇంటివారు

ఆయన ఇంటిపేరు ఊరిపేరే. పావులూరు ఆనాటి కమ్మనాటిలోని ఊరు. ఇప్పుడు ఇంకొల్లు దగ్గర ఉంది. మల్లన తండ్రి శివన్న, తల్లి గౌరమ్మ. తాత పేరు కూడా మల్లనే. రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజనరేంద్రుడు (1022–1061) ఆ తాతకు పిఠాపురం పక్కనున్న నవఖండవాడ అనే ఊరిని ఇచ్చాడు. నన్నయ చేత భారతాన్ని తెలుగు చేయించిన రాజే ఆయన.

తాతకూ మనుమడికీ ఒకే పేరు కావడంతో కొందరు పండితులు గణితం రాసిన మల్లనను నన్నయకు సమకాలికుడిగా లెక్కవేశారు. పుస్తకంలోని వంశవర్ణన ప్రకారం చూస్తే దానం పొందినవాడు తాత, పుస్తకం రాసినవాడు మనుమడు. అంటే పదకొండో శతాబ్దం చివర, పన్నెండో శతాబ్దం మొదట. ఎలా చూసినా ఇప్పటికి తొమ్మిది వందల ఏళ్ల పైమాటే.

మల్లన తనను పావులూరికి ప్రభువుగా చెప్పుకున్నాడు. సాహిత్య చరిత్ర రాసినవాళ్లు ఆయన్ని ఆ ఊరి కరణం అంటారు. కరణం అంటే ఊరి లెక్క మొత్తం ఆ ఇంట్లో ఉన్నట్టే. పొలం కొలవాలి, పంటలో భాగాలు తేల్చాలి, చెరువు తవ్వితే ఎంత మన్ను తీశారో చెప్పాలి, వడ్డీ కట్టాలి. ఇవన్నీ గణితమే. అయితే ఆ గణితానికి శాస్త్రం సంస్కృతంలో ఉండేది, వాడకం తెలుగులో ఉండేది. ఈ రెంటికీ మధ్య ఉన్న గోడలో మల్లన ఒక వాకిలి తెరిచాడు.

మాన్యఖేటం నుంచి పావులూరికి

ఆ శాస్త్రగ్రంథం పేరు గణితసార సంగ్రహం. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు సంస్కృతంలో రాశాడు. అప్పుడు కన్నడ దేశాన్ని మాన్యఖేటం నుంచి ఏలుతున్నవాడు రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడు. ఆ మాన్యఖేటమే నేటి మల్‌ఖేడ్, కర్ణాటకలో కలబురగి వైపు ఉంది. కూడిక మొదలు భిన్నాలు, త్రైరాశికం, మిశ్రమ లెక్కలు, క్షేత్రఫలాలు, తవ్వకాల కొలతలు, నీడల లెక్కల దాకా అందులో ఉన్నాయి. కరణానికి కావలసినవన్నీ అందులో ఉన్నట్టే.

మహావీరుడికి సంఖ్యలంటే ముచ్చట కూడా ఉంది. గుణిస్తే అందమైన వరుస వచ్చే సంఖ్యలను ఏరి, హారాలకు పోల్చాడు. 152207ను 73తో గుణిస్తే 11111111 వస్తుంది. 27994681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుంది. పిల్లల చేత నోటుబుక్కులో చేయించి చూడండి. జవాబు బయటపడుతున్నకొద్దీ వాళ్ల ముఖాలు వెలగడం మేం చూస్తూనే ఉన్నాం. అంకెల స్థానాలకు కూడా ఆయన 24 పేర్లు ఇచ్చాడు. ఒకట్లు, పదులతో మొదలై, కోటి దాటి, ఖర్వం, పద్మం, శంఖం మీదుగా మహాక్షోభం దాకా పోతాయి. మన ఇరవై అంకెల సంఖ్యలో మొదటి 1 ఆ లెక్క ప్రకారం మహాశంఖ స్థానంలో ఉంటుంది.

ఈ గ్రంథాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సార సంగ్రహ గణితం అని దాని పేరు. జనం నోట అది పావులూరి గణితం అయింది. ఆయన చేసింది మక్కికి మక్కి అనువాదం కాదు. సూత్రాలను నిలుపుకున్నాడు, ఉదాహరణలను మార్చాడు. మూలంలో జైన సంప్రదాయానికి చెందిన ఉదాహరణలు ఉంటే, శివభక్తుడైన మల్లన వాటి చోట శివపూజకు సంబంధించినవి పెట్టాడు. ఈ మార్పును మతం పట్టింపుగా మాత్రమే చూడనక్కర్లేదు. బోధన తెలిసినవాళ్లకు ఇందులో మరొకటి కనిపిస్తుంది. సూత్రం ఎక్కడిదైనా ఫర్వాలేదు, ఉదాహరణ మాత్రం చదివేవాడి ఊరిదై ఉండాలి.

సంఖ్యను మాటల్లో కట్టిన తీరు

చదరంగపు పలక మీద 64 గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలు? రాజు దగ్గర ఈ బహుమానం కోరిన తెలివైనవాడి కథ దేశదేశాల్లో ఉంది. ఆ మొత్తాన్ని చెప్పే చంపకమాల పద్యం ఒకటి మల్లన పేరు మీద ప్రసిద్ధం. ఇది లోకమంతా ఎరిగిన మొత్తమేనని ఆ పద్యమే ఒప్పుకుంటుంది కూడా.

ఇరవై అంకెలను పద్యంలో ఎలా చెప్పాలి? దానికి భూతసంఖ్యల పద్ధతి ఉంది. చంద్రుడు ఒకడే కాబట్టి చంద్రుడి పేరు ఏది చెప్పినా 1. ఆకాశం శూన్యం కాబట్టి 0. అగ్నులు మూడు. వేదాలు, సముద్రాలు, బ్రహ్మ ముఖాలు నాలుగేసి. మన్మథుడి బాణాలు ఐదు. తర్కాలు ఆరు. కులపర్వతాలు ఏడు. దిక్కుల ఏనుగులు ఎనిమిది. ఒంటికి రంధ్రాలు తొమ్మిది. పద్యాన్ని ముందు నుంచి చదువుతూ అంకెలను కుడి చివర నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. ఒకట్ల స్థానంలోని 5తో పద్యం మొదలై, మహాశంఖ స్థానంలోని 1తో సంఖ్య ముగుస్తుంది. పద్యంలో రెండు పాదాలు దాటీ దాటకముందే ఇరవై అంకెలూ పూర్తవుతాయి.

ఇది చమత్కారం కోసం మాత్రమే చేసిన పని కాదు. తాటాకు మీద అంకెలు రాస్తే, నకలు రాసేవాడి చేయి ఒకసారి జారితే చాలు, 44 కాస్తా 47 అవుతుంది. ఆ పొరపాటు ఆ తర్వాతి నకళ్లన్నిటికీ పాకుతుంది. పద్యంలో మాట జారితే గణం చెడుతుంది, యతి తప్పుతుంది, వినేవాడి చెవికి వెంటనే తెలిసిపోతుంది. ఛందస్సు ఇక్కడ కాపలావాడి పని చేసింది. అందుకే అన్ని తరాలు దాటినా మన చేతికి వచ్చిన ఆ సంఖ్యలో ఒక్క అంకె కూడా చెడలేదు. ఇప్పుడు ఏ కంప్యూటర్‌తో సరిచూసినా సరిపోతుంది.

తెలుగు ఉపాధ్యాయులు గమనించదగ్గది ఇంకొకటి ఉంది. ఈ సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ కొండే, కానీ మల్లన మూడు వేర్వేరు మాటలు వాడాడు. 1 మూడుసార్లు వస్తుంది, చంద్రుడికి మూడు పేర్లు వాడాడు. పర్యాయపదాల పాఠానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఆరే అడుగులు

ఇంత పెద్ద సంఖ్యను ఎలా కట్టారు? 64 గళ్లనూ విడివిడిగా కూడనక్కర్లేదు. ముందు చిన్న గళ్లతో చూడండి. 1, 2, 4 కలిపితే 7. తర్వాతి గడిలో ఉన్నది 8. 1, 2, 4, 8 కలిపితే 15. తర్వాతి గడిలో 16. అంటే ఏ గడి వరకూ ఉన్న మొత్తమైనా తర్వాతి గడికి ఒకటి తక్కువ. అందువల్ల 64 గళ్ల మొత్తం కావాలంటే 65వ గడి ఒకటుందనుకుని, అందులో ఉండాల్సిన గింజల్లోంచి ఒకటి తీసేస్తే చాలు.

ఆ 65వ గడిలో ఉండేది 64 రెండ్లను గుణించిన ఫలం. దానికి కూడా దగ్గరి దారి ఉంది. 64ను సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1. ఆరుసార్లు సగం చేశాం. కాబట్టి 2తో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. 2 వర్గం 4. 4 వర్గం 16. 16 వర్గం 256. 256 వర్గం 65536. దాని వర్గం 4294967296. దాని వర్గం 18446744073709551616. ఒకటి తీసేస్తే మల్లన సంఖ్య.

సగం చేస్తూ, వర్గం చేస్తూ పోయే ఈ పద్ధతి మహావీరుడి గ్రంథంలో గుణశ్రేఢి దగ్గర ఉంది. దాని పుట్టిల్లు మాత్రం లెక్కల పుస్తకం కాదు, ఛందశ్శాస్త్రం. మహావీరుడికి ఎన్నో శతాబ్దాల ముందు పింగళుడు ఒక ప్రశ్న వేసుకున్నాడు. పాదంలో ఇన్ని అక్షరాలుంటే గురువు, లఘువు మార్చి మార్చి ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? ఒక్కో అక్షరానికి రెండే దారులు కాబట్టి, అక్షరం పెరిగినప్పుడల్లా రకాలు రెట్టింపవుతాయి. ఆ లెక్క తేల్చడానికి వచ్చిందే ఈ పద్ధతి. గురులఘువులు గుర్తించమని మనం పిల్లలకు ఇచ్చే అభ్యాసంలోనే రెండు ఘాతాల గణితం దాగి ఉంది.

లోపల ఏముంది

పెద్ద సంఖ్య అనగానే భయపడే పిల్లలకు దీన్ని విప్పి చూపించవచ్చు. చివరి అంకె 5 కాబట్టి 5తో భాగించబడుతుంది. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది. 87కు 3తో భాగం పోతుంది, 9తో పోదు. ఈ సంఖ్య కూడా అంతే, 3తో పోతుంది, 9తో పోదు. ఆరో తరగతి పిల్లలు ఇంతవరకు చేయగలరు. రెండ్లను గుణిస్తూ పోతే వచ్చిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కటి కూడా లేదని ముందుగా ఎవరు కనిపెడతారో చూడండి.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక సర్వసమీకరణం తెలుసు. ఒక సంఖ్య వర్గంలోంచి ఒకటి తీసేస్తే, ఆ సంఖ్యకు ఒకటి తగ్గించి, ఒకటి పెంచి గుణించినదానికి సమానం. మల్లన సంఖ్య 4294967296 వర్గానికి ఒకటి తక్కువ కదా. కాబట్టి అది 4294967295, 4294967297ల లబ్ధం. వీటిలో మొదటిది 65536 వర్గానికి ఒకటి తక్కువ. దాన్నీ అలాగే విడగొట్టవచ్చు. ఉల్లిపాయ పొరల్లా విప్పుతూ పోతే చివరికి 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి.

వీటిలో మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోది కూడా ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా పదిహేడో శతాబ్దంలో ఊహించాడు. కాదని 1732లో ఆయిలర్ తేల్చాడు. అది 641ని 6700417తో గుణిస్తే వస్తుంది. అలా మల్లన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు తేలాయి. ఒక్కోటీ ఒక్కసారే వస్తుంది. ఒక్కో కారణాంకాన్ని తీసుకోవడం, తీసుకోకపోవడం అని రెండేసి దారులు కాబట్టి, రెండును ఏడుసార్లు గుణిస్తే దాని భాజకాలు మొత్తం 128. ఇక్కడా రెట్టింపే.

రాగి గింజలతో చూస్తే

అందరూ ఈ లెక్కను వడ్లతోనో, గోధుమలతోనో చెబుతారు. మన ప్రాంతంలో ముద్ద తినని ఇల్లు తక్కువ కాబట్టి రాగులతో చూద్దాం. వెయ్యి రాగి గింజలు రెండున్నర గ్రాములు తూగుతాయనుకుందాం. పదో గడిలో 512 గింజలు, చిటికెడు కూడా కాదు. ఇరవయ్యో గడిలో సుమారు ఒక కిలో మూడు వందల గ్రాములు. ముప్పయ్యో గడిలో పదమూడు క్వింటాళ్లు దాటుతుంది. నలభయ్యో గడికి 1,300 టన్నులు మించుతుంది. 64 గళ్లూ కలిపితే దాదాపు 4,600 కోట్ల టన్నులు. మన దేశమంతా కలిసి ఏటా పండించే రాగులు 20 లక్షల టన్నుల చుట్టుపక్కలే. ఆ లెక్కన ఇరవై వేల ఏళ్ల పంట కూడా చాలదు. బేరికెలోనో, వేపనపల్లిలోనో రాగి చేను ఉన్న పిల్లవాడికి ఈ లెక్క వెంటనే పట్టుబడుతుంది. సూత్రం అలాగే ఉంచి ఉదాహరణ మార్చడం మల్లన నేర్పిన పనే.

ఈ సంఖ్య మల్లన ఒక్కడిదే కాదు. మధ్య ఆసియాకు చెందిన మహాపండితుడు అల్ బీరూనీ సుమారు 1000వ సంవత్సరంలో అరబ్బీలో రాసిన గ్రంథంలో సరిగ్గా ఇదే సంఖ్యను తేల్చాడు. ఆయన కూడా వర్గాల దారినే నడిచాడు. అరబ్బీలో ఉన్న సంఖ్య సుమారు ఒక శతాబ్దం తేడాతో తెలుగులోనూ ఉంది. ఒక్క అంకె తేడా లేదు. ఇవాళ మన చేతుల్లోని ఫోన్లు, ఫ్యాక్టరీల్లోని కంప్యూటర్లు చాలావరకు 64 బిట్లవి. ఒక్కో బిట్ 0గానో 1గానో ఉంటుంది, అక్షరం లఘువుగానో గురువుగానో ఉన్నట్టు. రుణ సంఖ్యలు లేకుండా 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణ సంఖ్య 18446744073709551615. ఇంజనీరింగ్ తరగతిలో ఇది ఎదురైన రోజున మన పిల్లవాడికి కొత్తముఖంలా అనిపించకూడదు.

మన బడిలో

తల్లిదండ్రుల ప్రశ్నకు మల్లన జీవితం ఇచ్చే జవాబు ఇదే. లెక్క తెలుగులోకి నిన్న మొన్న పాఠ్యపుస్తకాల కమిటీ తెచ్చినది కాదు. ఒక గ్రామాధికారి ఇంట్లో, పొలం కొలతలతో పాటు పెరిగింది. మల్లన సంస్కృతానికి తలుపు వేయలేదు. త్రైరాశికం, వర్గం, సంకలితం వంటి మాటలను అక్కడి నుంచే తీసుకున్నాడు. వర్గమూలం అనే మాట తమిళ మాధ్యమం గదిలోనూ, సరిహద్దు దాటితే కన్నడ గదిలోనూ కొద్దిపాటి ఉచ్చారణ తేడాతో వినిపిస్తుంది. రేపు ఇంగ్లిష్‌లో చదవాల్సి వచ్చినప్పుడు పిల్లవాడు మార్చుకోవలసింది మాటను, అర్థాన్ని కాదు. అర్థం ముందుగా ఇంటి భాషలో నిలబడి ఉంటే మాట మార్చుకోవడం కష్టం కాదు. అర్థమే లేకుండా మాట మాత్రం నేర్చుకున్న పిల్లవాడికి ఏ భాషలోనైనా కష్టమే.

తెలుగు ఉపాధ్యాయులు, లెక్కల ఉపాధ్యాయులు కలిసి ఒకరోజు ఈ పాఠం పెట్టుకోవచ్చు. మొదటి పీరియడ్‌లో భూతసంఖ్యలు చెప్పి, పిల్లల చేత తమ పుట్టిన సంవత్సరాన్ని మాటల్లోకి మార్పించండి. రెండో పీరియడ్‌లో వర్గాలు. మూడో వర్గం దాకా నోటిలెక్క. నాలుగోది పలక మీద. ఐదోది నోటుబుక్కులో. ఆరోది మామూలు కాలిక్యులేటర్‌లో పూర్తిగా పట్టదు, కానీ పిల్లల చేతికి పడుతుంది. 4294967296ను 42949, 67296 అని రెండు ముక్కలు చేయండి. ఒక జట్టు మొదటి ముక్క వర్గం కడుతుంది, 1844616601. రెండో జట్టు రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు కడుతుంది, 5780591808. మూడో జట్టు రెండో ముక్క వర్గం కడుతుంది, 4528751616. మొదటి జవాబుకు పది సున్నలు, రెండోదానికి ఐదు సున్నలు చేర్చి, మూడూ నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి రాసి కూడించండి. చివరగా ఒకటి తీసేయమనండి. వచ్చిన ఇరవై అంకెలను కుడి నుంచి ఎడమకు ఒక పిల్ల చదువుతుంటే, ఇంకో పిల్ల మల్లన పద్యంలోని మాటలతో సరిచూస్తుంది.